వారాల తరబడి జరిగే షోకి గుర్రం వెళ్తుంటే: గడ్డి, పొట్టు, పెల్లెట్లలో ఏది మేలు?

రెండు మూడు రోజుల షో, అంటే గుర్రాల పోటీ అయితే లాయంలో ఏం పరిచినా గుర్రం ఎలాగో నెట్టుకొచ్చేస్తుంది. మూడు నాలుగు వారాల షో అలా కాదు. రోజుకి ఇరవై గంటలకు పైనే ఆ నాలుగు గోడల మధ్య ఉండాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. అందుకే ఏది చౌక, ఏది ఊడ్చడం తేలిక అన్నవి నేను తర్వాత చూస్తాను. దాని మీద గుర్రం పడుకుంటుందా లేదా అన్నదే ముందు.

గుర్రం నిలబడే నిద్రపోతుంది కదా అంటారు. అది కునుకు వరకే. కలలొచ్చే నిద్ర పట్టాలంటే మాత్రం ఒళ్లు నేలకి వాల్చాల్సిందే, రోజుకి అరగంటైనా కావాలి. ఒకసారి మూడో వారంలో మా ఆడగుర్రానికి ముందుకాళ్ల కింది కీళ్ల మీద తోలు లేచిపోయి కనిపించింది. దూకేటప్పుడు కర్ర తగిలిందేమో అనుకున్నాను. రాత్రి మేలుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. నిలబడే నిద్రలోకి జారి, తల కిందికి వేలాడి, మోకాళ్లు మడతపడి ముందుకి తూలి, ఉలిక్కిపడి లేస్తోంది. కింద చూస్తే రెండంగుళాల పొట్టు, దాని కింద తారు నేల. తెల్లారగానే రబ్బరు మ్యాట్లు వేయించి, పొట్టు మూడింతలు చేశాం. రెండో రోజు పొద్దున దాని తోక నిండా పొట్టు చూసి, పడుకుందని తెలిశాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

ఇక పోలిక. గోధుమ గడ్డి మెత్తగా, వెచ్చగా ఉంటుంది, మందంగా పరిస్తే చాలా గుర్రాలు హాయిగా పడుకుంటాయి. కానీ మూత్రాన్ని పెద్దగా పీల్చుకోదు, కిందికి వదిలేస్తుంది. పైకి పొడిగా కనిపిస్తుంది, అడుగున మాత్రం తడి. పైగా తిండిపోతు గుర్రాలు పరుపునే తినేస్తాయి. షోలో తిరుగుడు తక్కువ, నీళ్లు కూడా సరిగ్గా తాగవు, దానికి ఇది తోడైతే పేగులో అడ్డుపడి కోలిక్, అంటే తీవ్రమైన కడుపునొప్పి వచ్చే ప్రమాదం ఉంది. బూజు పట్టిన గడ్డి అయితే ఊపిరితిత్తులకీ చేటే.

చిత్రిక పట్టిన చెక్క పొట్టు, అదే షేవింగ్స్, తడిని బాగా పీలుస్తుంది. చాలా గుర్రాలు దాని జోలికి వెళ్లి తినవు, తడిసిన చోటు వరకే తీసేసి మిగతాది ఉంచుకోవచ్చు. దుమ్ము తీసిన రకమే కొనండి. సన్నటి రంపపు పొట్టు ముక్కులోకి పోతుంది, అది వద్దు. బ్లాక్ వాల్‌నట్ చెక్క పొట్టు కలిసిందేమో తప్పక అడగండి, దాని మీద నిలబడితే చాలు, గంటల్లోనే లామినైటిస్, అంటే గిట్టల లోపలి వాపు రావచ్చు.

పెల్లెట్లంటే చెక్క పొడిని గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు, నీళ్లు చల్లితే ఉబ్బి మెత్తటి పొడిలా విచ్చుకుంటాయి. తడి పీల్చడంలో వాటికి సాటి లేదు, బయట పారేసే చెత్త కూడా తగ్గుతుంది, పని చేసేవాళ్ల నడుములకి అది పెద్ద మేలు. అయితే ఎండకాలం టెంట్‌లో రెండో రోజుకే ఎండి దుమ్ము లేస్తుంది, మళ్లీ మళ్లీ నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. పైగా సంచులు లెక్కపెట్టి వేస్తే పరుపు పలచనైపోతుంది, అక్కడే చాలామంది పొరపాటు పడతారు.

నా ఓటు మ్యాట్ల మీద ఆరంగుళాల షేవింగ్స్‌కే, గోడల వెంబడి ఇంకాస్త ఎత్తుగా, గుర్రం పొర్లి గోడకి ఇరుక్కోకుండా. తడి ఎక్కువ చేసే గుర్రమైతే మధ్యలో అడుగున పెల్లెట్లు వేసి పైన షేవింగ్స్ పరచండి. గడ్డికే అలవాటుపడి పొట్టు మీద ససేమిరా పడుకోని గుర్రమైతే మాత్రం నిర్వాహకుల అనుమతి అడిగి గడ్డే వేయండి, దాని నిద్ర ముఖ్యం.

టెంట్ లాయమా, పక్కా లాయమా అంటే వాన పడే కాలమైతే పక్కాదే. టెంట్‌లో మట్టి నేల ఒక్క వానకే బురదవుతుంది, ఎంత పొట్టు పోసినా మింగేస్తుంది. మిగతా కాలంలో నాకు గాలే ముఖ్యం. కిటికీలు మూసిన పక్కా షెడ్ కన్నా పక్కలు పైకెత్తిన టెంట్ నయం. లోపలికెళ్లి గుర్రం మేసే ఎత్తుకి మీ ముక్కు పెట్టి చూడండి. కళ్లు మండితే మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాయువు పేరుకున్నట్టే. 3×3 మీటర్ల గది చిన్న గుర్రానికి సరిపోతుంది, పెద్దదానికి 3×4 అడగండి.

గదుల మధ్య గోడ నిండుగా ఉందో లేదో చూడటం కూడా మరవద్దు. 2021లో స్పెయిన్‌లోని వలెన్సియా షోలో మొదలైన ఈహెచ్‌వీ-1 అనే గుర్రాల హెర్పిస్ వైరస్‌తో యూరప్‌లో 18 గుర్రాలు చనిపోయాయి. ఇది ముక్కూ ముక్కూ తగిలినా అంటుకుంటుంది, బకెట్ల ద్వారా కూడా. రోజూ రెండుసార్లు జ్వరం చూసి రాసుకోండి, 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే వెంటనే డాక్టర్‌ని పిలవండి.

సరుకు సంగతి ముందే మాట్లాడుకోండి. మొదటి పరుపు నిర్వాహకులే వేసినా, ఆ తర్వాత రోజూ కావాల్సింది చాలాచోట్ల మనమే ఆర్డర్ చేసుకోవాలి. ఒక గుర్రం రోజుకి 20 కిలోలకు పైగా లద్ది వేస్తుంది, దానితో పాటు పొట్టూ పోతుంది. శనివారం సాయంత్రం సంచులు అయిపోతే ఆదివారం రాత్రి గుర్రం మ్యాట్ మీదే నిలబడి ఉంటుంది.