జపాన్ సర్టిఫికెట్ల వెరిఫికేషన్: నుంగంబాక్కం ఆఫీసుతో ఏడాది అనుభవం

చెన్నై దగ్గర ఒరగడం వైపు ఉన్న ఆటో విడిభాగాల కంపెనీలో హెచ్‌ఆర్ నాది. జపాన్ కస్టమర్లతో పని ఎక్కువ కాబట్టి అక్కడ చదివొచ్చిన పిల్లలు మా దగ్గరికి ఉద్యోగానికి వస్తూనే ఉంటారు. వాళ్ళలో మనవాళ్ళు చాలామందే, నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు పిల్లలు. శ్రీసిటీలో జపాన్ కంపెనీలు వచ్చాక మా ఊళ్ళ పిల్లలకి ఆ భాష మీద ఆసక్తి పెరగడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళ సర్టిఫికెట్లు సరిచూసి పైకి పంపడం నా బాధ్యత. ఏడాదిగా ఈ పని చెన్నై నుంగంబాక్కంలో ఒక జెరాక్స్ షాపు పైన మొదటి అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసుకి ఇస్తున్నాం. వాళ్ళ గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, ఎందుకంటే అంతకుముందు మాకు జరిగింది ఇంకో కంపెనీకీ ఇంకో పిల్లాడికీ జరగకూడదు.

ముందు అది చెప్తాను. అప్పట్లో ఒక పెద్ద బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీకి ఇచ్చేవాళ్ళం, పేరు వద్దు. కావలి అబ్బాయి ఒకతను, అక్కడ నేషనల్ యూనివర్సిటీలో మెకానికల్ మాస్టర్స్ చేసొచ్చాడు. ఏజెన్సీ వాళ్ళు యూనివర్సిటీ వెబ్‌సైట్లో కనిపించిన ఏదో ఈమెయిల్‌కి ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి, సర్టిఫికెట్ స్కాన్ తగిలించి, ఇది నిజమైనదేనా చెప్పండి అని పంపారు. జవాబు లేదు. ఇరవై రోజులకి మళ్ళీ పంపారు, దానికీ లేదు. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో 'అన్ఏబుల్ టు వెరిఫై', అంటే సరిచూడలేకపోయాం, అని కొట్టి మాకు ఇచ్చేశారు. ఆ ఎరుపు చూసి మా పైవాళ్ళు ఆఫర్ ఆపేశారు. ఆ అబ్బాయి ఫోన్ చేసి, "మేడమ్, రెండేళ్ళు ఆ ల్యాబ్‌లోనే పడి చదివాను, నాది దొంగ సర్టిఫికెట్ అని ఎవరన్నారు?" అని అడిగాడు. దొంగదని ఎవరూ అనలేదు. అసలుదని చెప్పేదాకా ఆగినవాళ్ళూ లేరు. నెల తర్వాత అతను యూనివర్సిటీ నుంచి సీల్ వేసిన కవర్ తెప్పించుకుని తీసుకొచ్చాడు, అప్పటికి ఆ పోస్టులో వేరేవాళ్ళు చేరిపోయారు. ఆ కవర్ నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

యూనివర్సిటీ ఎందుకు జవాబివ్వలేదో నాకు చెప్పింది ఈ నుంగంబాక్కం ఆఫీసు వాళ్ళే. జపాన్‌లో వ్యక్తిగత సమాచార చట్టం 2005 నుంచి పూర్తిగా అమల్లో ఉంది, చదువుకున్న మనిషి సంతకంతో అంగీకార పత్రం లేకుండా వేరేవాళ్ళు ఎవరు అడిగినా అక్కడి ఆఫీసులు నోరు విప్పవు. పైగా అడగాల్సిన చోటు వేరే, జనరల్ ఈమెయిల్‌కి కాకుండా సర్టిఫికెట్లు ఇచ్చే విద్యార్థి విభాగానికి రాయాలి, జపనీస్‌లో రాస్తే పని తొందరగా అవుతుంది. చదివినవాళ్ళ పుట్టినతేదీ, చేరిన నెల, ముఖ్యంగా గకుసెకి బంగో, అంటే స్టూడెంట్ నంబరు, ఇవన్నీ రాయాలి. ఇవేవీ లేకుండా పంపిన మెయిల్ అది. ఆ ఏజెన్సీ మా దగ్గర ఆ ఒక్క మెయిల్‌కే ఫీజు తీసుకుంది.

ఆఫీసు నడిపే పెద్దావిడ ఒసాకాలో చాలా ఏళ్ళు ఉండి వచ్చారు, తమిళావిడ, అందరినీ అమ్మా అనే పిలుస్తారు. మాతో మాట్లాడేది మాత్రం చిత్తూరు కుర్రాడు, తెలుగులో విడమరిచి చెప్తాడు. మొదటిసారి నేను గకుయికి, అంటే పట్టా, రంగు జెరాక్స్ పట్టుకెళ్ళాను. "మేడమ్, దీన్ని అలా పెట్టండి, ఇది వాళ్ళు జన్మలో ఒక్కసారే ఇస్తారు, పోతే మళ్ళీ ఇవ్వరు, దీన్ని చూసి మనం తేల్చేది ఏం లేదు" అన్నాడు. మనకి కావలసినవి రెండట. సొత్సుగ్యో షోమేషో, అంటే చదువు పూర్తయిందని ఇచ్చే ధ్రువపత్రం (మాస్టర్స్‌కైతే షూర్యో షోమేషో అంటారు), ఇంకొకటి సెయిసెకి షోమేషో, మార్కుల పత్రం. ఇవి ఎన్నిసార్లు అడిగినా ఇస్తారు, చాలా యూనివర్సిటీలు ఇంగ్లీషులోనూ ఇస్తాయి, కవర్ అతికించి సీల్ వేసి పంపమంటే అలాగే పంపుతాయి. పట్టా బంగారంలా దాచుకుని దాని కాపీలు పంచే పిల్లలు ఇది తెలుసుకోవాలి, తిరిగొచ్చే ముందే రెండు మూడు సీల్డ్ కవర్లు తెచ్చుకుంటే ఇక్కడ సగం టెన్షన్ తగ్గుతుంది.

వాళ్ళ పని ఎలా ఉంటుందో ఒక్క ఫైలు చెప్తే చాలు. నాయుడుపేట అమ్మాయి, మెటీరియల్స్‌లో మాస్టర్స్. రెజ్యూమెలో 2021లో పూర్తయిందని రాసింది, మార్కుల పత్రంలో చివరి సెమిస్టర్ పక్కన 2020 అని ఉంది, జపనీస్ కాపీలో రేవా 3 అని ఉంది. బీటెక్ సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే, జపాన్ పత్రం మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు మొత్తం, అదీ ముందు. పాత ఏజెన్సీ అయితే దీనికి మూడు ఎర్ర గీతలు గీసేది. ఈ కుర్రాడు కాగితాలు మూడూ పక్కపక్కన పరిచి పెన్సిల్‌తో చూపించాడు. అక్కడ చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, 2020 అని రాస్తే 2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా అని అర్థం. రేవా శకం 2019 మే 1న మొదలైంది, ఆ ఏడాదే ఒకటి, కాబట్టి రేవా 3 మార్చి అంటే 2021 మార్చి. మూడు కాగితాలూ ఒకే మాట చెప్తున్నాయి. పేరు సంగతి ఇంకా బాగా చూశారు. జపాన్ వాళ్ళ అక్షరాల్లో ల, ర వేరువేరుగా లేవు, లక్ష్మి అక్కడ రకుషుమి అయిపోతుంది, కాబట్టి ఉత్తరంలో ఇంగ్లీషు పేరు, దాని పక్కన జపనీస్ అక్షరాల్లో పేరు, స్టూడెంట్ నంబరు మూడూ పెట్టి పంపారు. పదకొండో రోజుకి యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. రిపోర్టులో తేడా అనే మాట కూడా లేదు, ఎందుకు అలా కనిపిస్తోందో నాలుగు లైన్ల వివరణ ఉంది. అది చదివి మా పైవాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ఇలా అని వచ్చిన ప్రతి ఫైలుకీ సరే అని ముద్ర కొట్టరు. ఒకాయన రెజ్యూమెలో డాక్టరేట్ పూర్తయింది అని రాశారు, పత్రంలో ఉన్నది తాన్‌ఇ షుతొకు తైగకు. అంటే కావలసిన క్రెడిట్లు అన్నీ సంపాదించి, థీసిస్‌కి డిగ్రీ రాకుండా బయటికి వచ్చారని. అక్కడ ఇది మామూలే, కొన్ని సబ్జెక్టుల్లో మరీ ఎక్కువ, సిగ్గుపడే విషయం కాదు, కానీ డాక్టరేట్ మాత్రం కాదు. వాళ్ళు జపాన్ పార్లమెంటు లైబ్రరీ క్యాటలాగ్‌లో కూడా వెతికారు, అక్కడ ఆమోదం పొందిన థీసిస్‌లు చేరతాయి, 2013 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాలనే నియమం కూడా ఉంది. డాక్టరేట్ పట్టా నంబరు ముందు కో అని ఉంటే కోర్సు చేసి తెచ్చుకున్నదని, ఒత్సు అని ఉంటే కోర్సు లేకుండా థీసిస్ మీద ఇచ్చిందని అప్పుడే తెలిసింది నాకు. ఆయనకి ఆ పెద్దావిడే ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పారు, మోసం అనే మాట రానివ్వలేదు. ఆయన రెజ్యూమె సరిచేసి ఇచ్చారు, మేం మాస్టర్స్ గ్రేడ్‌లో తీసుకున్నాం. ఇప్పటికీ మా దగ్గరే ఉన్నారు, బాగా పని చేస్తున్నారు.

మా ఫ్రెండ్ ఇక్కడే ఒక కాలేజీలో అడ్మిషన్లు చూస్తుంది, తనకీ ఈ ఆఫీసు చెప్పాను. తన దగ్గరికి వచ్చిన తలనొప్పులు వేరే. సెన్మోన్ గక్కోలో, అంటే వృత్తి విద్య నేర్పే కాలేజీలో, రెండేళ్ళు చదివి సెన్మోన్షి తెచ్చుకున్న పిల్లలు పీజీకి అప్లై చేస్తారు, అది వృత్తి డిప్లొమా, బ్యాచిలర్స్ కాదు, బ్యాచిలర్స్‌ని గకుషి అంటారు, దానికి నాలుగేళ్ళు, కనీసం 124 క్రెడిట్లు. ఇంకొంతమంది కెన్‌క్యూసెయిగా ఏడాది ఉండి ఆ కాగితం తెస్తారు, అది రీసెర్చ్ స్టూడెంట్‌గా ఉన్నట్టు తప్ప డిగ్రీ చేసినట్టు కాదు. పిల్లలు దాచారనుకోను, చాలామందికి ఇక్కడినుంచి పంపిన కన్సల్టెంట్లు సరిగ్గా చెప్పి ఉండరు.

అపోస్టిల్, అంటే కాగితం వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, దాని గురించి తప్పకుండా చెప్పాలి, ఇక్కడ డబ్బులు ఊరికే పోతున్నాయి. ఒక ఏజెంట్ మా అభ్యర్థికి అపోస్టిల్ లేకపోతే చెల్లదని చెప్పి పద్దెనిమిది వేలు అడిగాడు. ఈ ఆఫీసు వాళ్ళు మా కంపెనీకి అది అక్కర్లేదని మొహం మీదే చెప్పేశారు. అపోస్టిల్ చెప్పేది కాగితం మీద సంతకం, ముద్ర సరైనవని మాత్రమే, లోపల రాసిన చదువు గురించి ఏమీ చెప్పదు. అపోస్టిల్ ఒప్పందంలో జపాన్ 1970 నుంచి ఉంది, మన దేశం 2005లో చేరింది, అక్కడి విదేశాంగ శాఖ దీనికి ఫీజే తీసుకోదు, ప్రైవేటు యూనివర్సిటీ పత్రమైతే ముందు నోటరీ చేయించాలి, ఖర్చు అక్కడ. అవసరమున్న చోట అవసరమే, కానీ ముందు అడిగేవాళ్ళని రాతలో అడగండి, తర్వాత డబ్బు కట్టండి.

నచ్చనివీ ఉన్నాయి. ఒక్కో ఫైలుకి మా దగ్గర ఆరున్నర వేలు తీసుకుంటున్నారు, యూనివర్సిటీ ఫీజు, కొరియర్ వేరే, ఆ లెక్క ముందే రాసివ్వమంటే ఫోన్‌లో చెప్తారు గానీ రాసివ్వరు. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో చూసుకునే వీల్లేదు, ప్రతిసారీ ఫోన్ చెయ్యాల్సిందే. బిల్లు రెండుసార్లు తప్పు జీఎస్‌టీ నంబరుతో వచ్చింది, మా అకౌంట్స్ వాళ్ళతో నేను మాట పడ్డాను. ఏప్రిల్ నెలాఖరులో ఇచ్చిన ఒక ఫైలు అక్కడి గోల్డెన్ వీక్ సెలవుల్లో ఇరుక్కుని ఇరవై ఆరు రోజులు పట్టింది, ఆ సంగతి ఇచ్చేరోజే చెప్పి ఉంటే అభ్యర్థి చేరే తేదీ జరిపేవాళ్ళం. ఆగస్టు మధ్యలో, కొత్త సంవత్సరం చుట్టూ కూడా ఇదే పరిస్థితి. అయినా రిపోర్టులో తెలియనిది తెలియదని, యూనివర్సిటీ ఇంకా జవాబివ్వకపోతే ఇంకా ఇవ్వలేదని, ఏ తేదీల్లో ఎవరిని ఏ కాగితాలతో అడిగారో రాసి ఇస్తారు. ఎర్ర అక్షరాలు వాడరు. నా వరకు ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు బిల్లులకి.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడ సాయంత్రం ఐదు అంటే మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆ తర్వాత యూనివర్సిటీల్లో ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరు. అభ్యర్థి చేత్తో సంతకం పెట్టిన అంగీకార పత్రం, పాస్‌పోర్టు కాపీ, స్టూడెంట్ నంబరు మూడూ తీసుకెళ్తే అదే రోజు మెయిల్ పంపేస్తారు. స్టూడెంట్ నంబరు గుర్తులేదంటే పాత ఐడీ కార్డు ఫొటో ఫోన్‌లో ఉందేమో వెతికించండి, మా నాయుడుపేట అమ్మాయిది అలాగే దొరికింది.