ఒంగోలులో ఉండి క్లౌడ్ నేటివ్ నేర్చుకోవడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

క్లౌడ్ నేటివ్ అంటే క్లౌడ్‌లో నడవడానికి తగ్గట్టు యాప్ కట్టి నడపడం. అందులో ముఖ్యమైనది కుబర్నెటీస్, యాప్‌లను సర్వర్ల మీద నడుపుతూ, పడిపోతే మళ్లీ లేపే సాఫ్ట్‌వేర్. అది నేర్చుకోవాలంటే బెంగళూరో హైదరాబాదో వెళ్లి కోచింగ్ తీసుకోక తప్పదా అని కావలి, నెల్లూరు, ఒంగోలు పిల్లలు తరచూ అడుగుతుంటారు. అక్కర్లేదు. నేను ఒంగోలులోనే ఉండి నేర్చుకున్నాను, ఇప్పటికీ ఇక్కడి నుంచే యాప్ నడుపుతున్నాను. లినక్స్ ఫౌండేషన్ వాళ్లు ఈడీఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఉచితంగా పెట్టిన పరిచయ కోర్సుతో మొదలుపెట్టాను. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద కుబర్నెటీస్‌కు తేలికపాటి రూపమైన కే త్రీ ఎస్ వేసుకున్నాను. ఆ తర్వాత కుబర్నెటీస్ మీద యాప్‌లు కట్టేవాళ్లకు పెట్టే సీకేఏడీ అనే సర్టిఫికెట్ పరీక్ష రాశాను. యాప్ కట్టడం ఈ మూడూ బాగానే నేర్పాయి. నడపడం మాత్రం, జనం నిజంగా ఆధారపడే యాప్ ఒకటి చేతికొచ్చాకే వచ్చింది. నా అభిప్రాయాలన్నీ ఆ తేడా నుంచి పుట్టినవే.

మా చిన్న టీమ్ చేసేది రొయ్యల గుంటల లెక్కలు చూసే యాప్. ఇటు కొత్తపట్నం నుంచి అటు అల్లూరు, విడవలూరు దాకా రైతులు వాడుతున్నారు. మేత ఎంత వేశారు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) ఎంతుంది, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఏవి తిరుగుతున్నాయి అన్నది గుంట దగ్గర ఉండే మనిషి ఫోన్‌లో కొడతాడు. రాత్రిపూట నీళ్లలోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున డీఓ బాగా పడిపోతుంది. అందుకే మా సర్వర్ల మీద లోడ్ పెరిగేది ఆఫీసు వేళల్లో కాదు, ఊరంతా నిద్రపోయే వేళలో. ఆ సమయంలో హెచ్చరిక పోకపోతే పోయేది రైతు పంట.

ముందు కోర్సు సంగతి. కంటైనర్ (యాప్‌నూ దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూట) అంటే ఏంటి, పాడ్ (కంటైనర్లు నడిచే చిన్న యూనిట్), డిప్లాయ్‌మెంట్ (ఎన్ని పాడ్లు ఉండాలో చెప్పేది), సర్వీస్ (వాటికి ట్రాఫిక్ చేర్చేది) ఎందుకున్నాయి అన్నంతవరకు చక్కగా చెబుతారు. అంతకుమించి ఆశించకూడదు. అది అయ్యాక నేను ఎక్కువ చదివింది కుబర్నెటీస్ అధికారిక డాక్యుమెంటేషన్. గూగుల్ 2014లో దీన్ని ఓపెన్ సోర్స్ చేసింది, 2015లో 1.0 వచ్చినప్పుడు క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ఒక్క కంపెనీ సొత్తు కాకుండా పోవడం వల్ల మనలాంటివాళ్లకు జరిగిన మేలు ఏంటంటే, ఇంత పెద్ద వ్యవస్థకు ఇంత మంచి పాఠం పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. ఇంగ్లిష్ కష్టమనిపించినా దాన్నే చదవమని చెబుతాను. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి చేస్తే చాలాసార్లు పని జరగదు. బయటి ట్రాఫిక్‌ను లోపలికి తెచ్చే ఇంగ్రెస్‌కు ఉన్న పాత బీటా ఏపీఐని (దాన్ని రాసే పాత పద్ధతిని) 2021లో వచ్చిన 1.22 వెర్షన్‌లో తీసేశారు, వేళకు పనులు నడిపే క్రాన్‌జాబ్ పాత బీటాను 2022లో 1.25లో తీసేశారు. అంతకుముందు తీసిన వీడియోలోని యామల్‌ను (కుబర్నెటీస్‌కు ఏం కావాలో రాసే ఫైల్‌ను) ఉన్నది ఉన్నట్టు కొడితే ఎర్రర్ తప్ప ఇంకేమీ రాదు. నేర్చుకునే పిల్లలు తమకే బుర్ర లేదనుకుని దిగులుపడతారు. తప్పు వాళ్లది కాదు, వీడియో పాతబడింది.

కే త్రీ ఎస్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మొత్తం కుబర్నెటీస్ 100 ఎంబీ లోపు ఒకే ఫైల్‌లో వస్తుంది, ఒక్క కమాండ్‌తో ఎక్కుతుంది. ఒకే మెషీన్ అయితే తన వివరాలు దాచుకోవడానికి ఎట్‌సీడీ అనే డేటాబేస్ బదులు తేలికైన ఎస్‌క్యూలైట్ వాడుకుంటుంది కాబట్టి పాత మెషీన్ కూడా మోస్తుంది. క్లౌడ్‌లో నేర్చుకుందామంటే అమెజాన్ వాళ్ల కుబర్నెటీస్ సేవ ఈకేఎస్‌లో ఒక క్లస్టర్‌కు (ఒక కుబర్నెటీస్ ఏర్పాటుకు) గంటకు 10 సెంట్లు, అంటే మీరు ఏమీ నడపకపోయినా నెలకు 70 డాలర్ల పైమాటే. దాని కింద నడిచే మెషీన్ల ఖర్చు మళ్లీ వేరు. చదువుకునే పిల్లలకు ఆ టెన్షన్ ఎందుకు?

ఇంట్లో పెట్టుకోవడంలో ఇంకో లాభం ఉంది. ఎండాకాలంలో మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. మెషీన్ ఆరిపోయి మళ్లీ లేచాక నేనేమీ ముట్టుకోకుండానే పాడ్లన్నీ వాటంతట అవే నిలబడేవి. మూడు పాడ్లు ఉండాలని రాసిపెడితే, ఎన్నిసార్లు పడినా ఆ మూడింటినీ నిలబెట్టే బాధ్యత వ్యవస్థదే. పుస్తకంలో చదివినప్పుడు తలకెక్కని ఆ మాట కరెంటు కోతల వల్ల బాగా ఎక్కింది.

కొరతలూ ఉన్నాయి. కే త్రీ ఎస్‌తో పాటు వచ్చే లోకల్ పాత్ స్టోరేజ్‌లో డేటా ఆ మెషీన్ డిస్క్ మీదే ఉంటుంది, డిస్క్ పోతే డేటా పోయినట్టే. బ్యాకప్ విడిగా పెట్టుకోవాలి. ఇంకోటి, కే త్రీ ఎస్ లోపలి భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాడే సర్టిఫికెట్ల గడువు 365 రోజులు. గడువు దగ్గరపడ్డాక కే త్రీ ఎస్‌ను రీస్టార్ట్ చేస్తే అదే కొత్తవి చేసుకుంటుంది. యూపీఎస్ మీద ఏడాదికి పైగా ఆపకుండా నడిపేవాళ్లు మాత్రం క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడు నడపడం సంగతి. ప్రతి కోర్సులోనూ లైవ్‌నెస్ ప్రోబ్ (యాప్ బతికి ఉందా అనే తనిఖీ), రెడీనెస్ ప్రోబ్ (పని తీసుకోవడానికి సిద్ధంగా ఉందా అనే తనిఖీ) అని రెండూ పక్కపక్కనే చెప్పేసి ముందుకెళ్లిపోతారు. ఆ రెంటికీ తేడా నాకు అర్థమైంది ఒక తెల్లవారుజామున. ఒక పెద్ద రిపోర్టు సరిగ్గా లోడ్ ఉన్న వేళకే మొదలై డేటాబేస్ నెమ్మదించింది. యాప్‌కు ఏమీ కాలేదు. కానీ లైవ్‌నెస్ ప్రోబ్ అడిగే చిరునామా, జవాబిచ్చే ముందు డేటాబేస్‌ను కూడా పలకరించి వచ్చేది. ప్రోబ్ అంకెలు మనం మార్చకపోతే 10 సెకన్లకోసారి అడుగుతుంది, 1 సెకనులో జవాబు రాకపోతే ఫెయిల్ అంటుంది, వరసగా 3 ఫెయిలయితే కంటైనర్‌ను చంపి కొత్తది లేపుతుంది. అర నిమిషంలో అన్ని పాడ్లూ రీస్టార్ట్ అయ్యాయి. లేచిన ప్రతి పాడూ కొత్త కనెక్షన్లు తెరిచింది. అసలే ఊపిరాడని డేటాబేస్ మీద ఇంకా భారం పడింది, ప్రోబ్‌లు మళ్లీ ఫెయిలయ్యాయి.

అప్పుడే విడవలూరు వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. "అబ్బయా, రీడింగ్ కొడతా ఉంటే తిరగతానే ఉండాది. ఏరేటర్లన్నీ వేసేయమంటావా?" వేసేయండి బాబాయ్ అని చెప్పి కూర్చున్నాను. రిపోర్టు ఆపగానే డేటాబేస్ కుదుటపడింది. అయినా యాప్ వెంటనే రాలేదు. పదేపదే పడే కంటైనర్‌ను కుబర్నెటీస్ 10 సెకన్లు, 20, 40 అంటూ రెట్టింపు చేసుకుంటూ 5 నిమిషాల దాకా ఆపి ఆపి లేపుతుంది. క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని కనిపించేది అదే. పాత పాడ్లు తీసేసి కొత్తవి రప్పించాకే రైతుల రీడింగ్‌లు లోపలికి రావడం మొదలైంది.

ఆ తర్వాత లైవ్‌నెస్‌ను యాప్ తాను బతికి ఉన్నానని మాత్రమే చెప్పేలా మార్చాం. డేటాబేస్ తనిఖీని రెడీనెస్‌లోకి జరిపితే సరిపోతుందని చాలామంది చెబుతారు. రెడీనెస్ పాడ్‌ను చంపదు, దానికి ట్రాఫిక్ పంపడం ఆపుతుంది, అంతవరకు నిజమే. కానీ డేటాబేస్ అందరికీ ఒక్కటే అయినప్పుడు అన్ని పాడ్లూ ఒకేసారి పక్కకు తప్పుకుంటాయి, రైతుకు కనబడేది మళ్లీ ఎర్రరే. అందుకని రీడింగ్ ముందు ఫోన్‌లోనే నిలిచి, సర్వర్ పలికినప్పుడు వెళ్లేలా యాప్‌నే మార్చాల్సి వచ్చింది. క్లౌడ్ నేటివ్ అంటే కేవలం యామల్ కాదు, యాప్ రాసే పద్ధతి కూడా అని చెప్పేది ఇందుకే.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాత పాడ్‌కు సిగ్‌టర్మ్ (ఇక ఆగు అనే సందేశం) వెళుతుంది, మామూలుగా 30 సెకన్లు గడువిస్తుంది, ఆపైన బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్. మన ప్రోగ్రామ్ ఆ సిగ్‌టర్మ్‌ను విని చేతిలో ఉన్న పని ముగించుకోవాలి. వినకపోతే ప్రతి రిలీజ్‌కూ కొన్ని రిక్వెస్టులు మధ్యలోనే తెగిపోతాయి. కోర్సుల్లో ఇది ఒక్క వాక్యంలో పోతుంది, మాకు మాత్రం రోజూ ఉండే పని.

ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందు కుబెక్టెల్ (కుబర్నెటీస్‌కు ఆదేశాలిచ్చే కమాండ్) డిస్క్రైబ్, అందులో అడుగున ఉండే ఈవెంట్లు చూడండి. తర్వాత లాగ్స్ కమాండ్‌కు ప్రీవియస్ అని చేర్చి, చచ్చిపోయిన కంటైనర్ చివరి మాటలు చదవండి. ఎగ్జిట్ కోడ్ 137 అని, పక్కన ఓఓఎం కిల్డ్ అని ఉంటే మెమరీ హద్దు దాటిందని అర్థం. ఈ అలవాటు ఒక్కటి ఉంటే సగం సమస్యలు దొరికిపోతాయి. మిగతా సగానికి కొలతలు పోగుచేసి అలారం పెట్టుకోనిచ్చే ప్రొమిథియస్ ఉంది. దాంట్లో సీపీయూ గ్రాఫ్‌ల కంటే, రైతు రీడింగ్ సేవ్ కావడానికి ఎంతసేపు పడుతోంది అనే అంకె మీద అలారం పెట్టుకోవడం మాకు ఎక్కువ ఉపయోగపడింది.

పరీక్ష మాటకొస్తే, సీకేఏడీ నాకు నచ్చింది. టిక్కులు పెట్టేది కాదు. 2 గంటలు టెర్మినల్ ముందు కూర్చుని నిజం క్లస్టర్ల మీద పనులు చేయాలి, 66 శాతం వస్తే పాస్. అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోనిస్తారు కాబట్టి బట్టీతో పని లేదు, వేళ్లకు వేగం ఉండాలి. నిజంగా అమలు చేయకుండా చూపే డ్రై రన్‌తో యామల్ పుట్టించుకోవడం, యామల్‌లో ఏ మాట ఎందుకో చెప్పే కుబెక్టెల్ ఎక్స్‌ప్లెయిన్ వాడటం అలవాటైంది ఈ పరీక్ష పుణ్యమే, నేటికీ రోజూ అక్కరకొస్తున్నాయి. ఇంటి నుంచే రాయొచ్చు. వెబ్‌క్యామ్‌తో గదంతా చూపించాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు. మన ఊళ్లలో రాసేవాళ్లు ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్ సిద్ధంగా పెట్టుకుంటే మనసు కుదురుగా ఉంటుంది. ఇప్పుడు సర్టిఫికెట్ 2 ఏళ్లే చెల్లుతుంది, 2024 ఏప్రిల్‌కు ముందు 3 ఏళ్లు ఉండేది. అది నాకు నచ్చని మార్పు, సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకు భారం.

కోచింగ్ మీద నా మాట సూటిగానే ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు పెద్ద ఫీజు కట్టి చేరిన చోట పరీక్ష ప్రశ్నలే పదేపదే చేయించారు, ఆగిపోయిన పాడ్‌ను ఎలా చూడాలో ఒక్కసారీ చూపలేదు. ఆ డబ్బుతో ర్యామ్ పెంచుకుని, పరీక్ష ఫీజు కట్టుకోవచ్చు.

ప్రతి యాప్‌కూ కుబర్నెటీస్ వేయాలని నేను అనను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ వాళ్లు బిల్లింగ్ కోసం అడిగితే ఒక సర్వర్, దాని మీద కంటైనర్లు నడిపే డాకర్ కంపోజ్, రాత్రి బ్యాకప్ చాలని చెప్పాను. పది మంది పగటిపూట వాడేదానికి అది హాయిగా నడుస్తోంది. కుబర్నెటీస్‌కు ఏడాదికి 3 కొత్త వెర్షన్లు వస్తాయి, ఒక్కో వెర్షన్‌కు మద్దతు సుమారు 14 నెలలే. ఆ అప్‌గ్రేడ్‌లు చూసుకునే మనిషి లేని చోట దాన్ని పెట్టడం అన్యాయం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోర్సు పూర్తయిన రోజే మీ ఊళ్లో ఎవరికైనా పనికొచ్చే చిన్న యాప్ ఒకటి కే త్రీ ఎస్ మీద పెట్టి, వాళ్ల చేత వాడించండి. పరీక్షకు తొందర లేదు. లినక్స్ ఫౌండేషన్ నవంబరు చివర్లో ఫీజుల మీద తగ్గింపు ఇస్తుంటుంది, అప్పుడు కొనుక్కుంటే మళ్లీ రాసే ఒక అవకాశం, ముందుగా ప్రాక్టీస్ చేసుకునే సిమ్యులేటర్ కూడా అదే ఫీజులో వస్తాయి.