విజయవాడ పున్నమి ఘాట్ నుంచి అమరావతికి ‘హెరిటేజ్ బోటు టూర్’ అంటే డబ్బు కట్టకండి

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ప్యాకేజీ, మీకూ వచ్చే ఉంటుంది. భవానీ ద్వీపం, ఉండవల్లి, అమరావతి, గైడు, భోజనం, అన్నీ కలిపి మనిషికి 1,500. కట్టకండి. కట్టేసినవాళ్ళు ఈ రోజే వెనక్కి అడగండి.

మా దగ్గర సగం అడ్వాన్సు ముందే తీసుకున్నారు. ప్రయాణం ముందు రోజు పొద్దుటి నుంచీ టీవీల్లో ఒకటే గోల: ఎగువన పులిచింతల డ్యామ్ నుంచి కృష్ణలోకి నీళ్ళు వదిలారు, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు అని. బోటింగ్ ఆపేశారని ఘాట్ దగ్గర టీ కొట్టు అతనికి కూడా తెలుసు. వీళ్ళకి తెలియదట! ఆ రాత్రి తొమ్మిదింటికి “బోట్ రెడీ సార్, బ్యాలెన్స్ వేసేయండి” అని మెసేజ్ పెట్టి మిగతా సగం కూడా ఫోన్‌పేలో వేయించుకున్నారు.

పొద్దున ఘాట్‌కి వెళ్తే బోటు లేదు. ఒక టెంపో ట్రావెలర్ ఉంది. “వరద సార్, మన చేతిలో లేదు. రోడ్డు మీద చూపిస్తాం, రేటు అదే.” డబ్బు తిరిగి ఇచ్చెయ్యమంటే, బండి దగ్గరున్న వాళ్ళ మనిషి ఫోన్ నొక్కుకుంటూ తల కూడా ఎత్తకుండా అన్న మాట ఇది: “బుద్ధుడు ఎక్కడికీ పోడు సార్. ఇష్టమైతే ఎక్కండి, లేకపోతే నీళ్ళు తగ్గాక రండి.” పక్కనున్న పెద్దావిడ “అదేం మాట నాయనా” అంటే, “మామ్మగారూ, నిలబడలేరు, లోపల కూర్చోండి” అట. ఎంత మర్యాదో! డబ్బు సంగతి తప్ప అన్నీ మాట్లాడాడు. వరద ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాం. రాత్రి తొమ్మిదింటి మెసేజ్ ఎవరి చేతిలో ఉంది బాబూ?

బోటు ఆపడం తప్పని ఎవరూ అనరు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఆపాల్సిందే. తిరగని బోటుకి ముందు రాత్రి డబ్బు గుంజడమే దొంగతనం.

ఇంకో సంగతి, ఇదే అసలైంది. వరద లేకపోయినా ఆ బోటు అమరావతి వెళ్ళేది కాదు. వాళ్ళ కరపత్రంలో టైములు చూడండి: 9కి బయలుదేరి, 1 గంటకి భోజనానికి మళ్ళీ ఘాట్‌కి. నది మీద అమరావతి సుమారు 30 కిలోమీటర్లు, అదీ ఎగువకి. మామూలు డీజిల్ బోటు గంటకి 10, 12 కిలోమీటర్లు పోతే గొప్ప. ఒక్క వైపుకే మూడు గంటలు అయిపోతాయి. దారిలో ఇసుక మేటలు తగిలితే చుట్టు తిరగాలి, నీళ్ళు తక్కువున్న రోజుల్లో అడుగు తగులుతుంది. నాలుగు గంటల్లో వెళ్ళి, చూసి, తిరిగి రావడానికి అదేమైనా పుష్పక విమానమా? ఉండవల్లి గుహలైతే అసలు బోటు ఆగే రేవు దగ్గరే లేవు. బ్యారేజీ దాటి అవతలి ఒడ్డున ఊళ్ళోకి రోడ్డు మీద పోవాల్సిందే. అంటే మామూలు రోజుల్లో జరిగేది ద్వీపం చుట్టూ ఒక రౌండు, ఆ తర్వాత ఇదే వ్యాన్. ఈ లెక్క డబ్బు వేశాక చేశాం చూడండి, మా తెలివి అలా ఏడ్చింది.

పైగా శుక్రవారానికి అమ్మారు! అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మహాచైత్యం, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం, దగ్గర మిగిలింది ఇటుకల పునాదే. చెక్కిన సున్నపురాతి పలకల్లో చాలా భాగం ఎప్పుడో చెన్నై మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి పోయాయి. ఇక్కడ ఉన్నవి చూడాలంటే ఆ మ్యూజియమే దిక్కు, దానికేమో తాళం.

గైడు సంగతి చెప్పకపోతే పాపం. గైడంటే డ్రైవరే. ఉండవల్లిలో ఒకే రాతిలో చెక్కిన శయన విష్ణువుని చూపించి “నిద్రపోతున్న బుద్ధుడు” అన్నాడు. నాభి నుంచి కమలం, దాని మీద బ్రహ్మ, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి! 125 అడుగుల ధ్యాన బుద్ధ విగ్రహమేమో శాతవాహనులు కట్టించారట. అది ఈ శతాబ్దంలో లేచింది బాబూ. ఆర్టీసీ బస్సులో పోయి రాగలిగిన దానికి ఇంత చదివింపు.

వెళ్ళాలనుకుంటే ద్వీపానికి టూరిజం శాఖ కౌంటర్లో అప్పటికప్పుడు టికెట్ కొనండి, మిగతావి రోడ్డు మీద చూసుకోండి. జులై నుంచి అక్టోబరు దాకా ఏ బోటుకీ అడ్వాన్సు వద్దు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు గానీ, బోటింగ్ ఆపడానికి అంత దాకా ఆగరు. పులిచింతల వైపు ఒక్కటే చూస్తే చాలదు, మున్నేరు నది దాని దిగువన కృష్ణలో కలుస్తుంది, అక్కడ వాన పడితే ఇక్కడికి హఠాత్తుగా వస్తుంది.

డబ్బు ఇరుక్కున్నవాళ్ళు మెసేజ్‌లో టైము కనబడేలా, ఫోన్‌పే రసీదుతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, వాళ్ళు చాట్ డిలీట్ చేస్తున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు కూడా అక్కర్లేదు.