ఉమ్మడి గోడకు సర్వే: వరంగల్‌లో ఎవరిని పిలిస్తే ఏం చేతికొస్తుంది

మట్టెవాడ, గిర్మాజీపేట, కరీమాబాద్, శివనగర్ వైపు పాత వాడల్లో ఇల్లు వెనక్కో పైకో పెంచుదామంటే మొదట అడ్డం తగిలేది పక్కింటి గోడే. చాలాచోట్ల రెండిళ్లకూ కలిపి ఒకటే గోడ ఉంటుంది. అడుగున్నర, రెండడుగుల మందం మట్టి గోడ, ఇటు దూలాలూ అటు దూలాలూ అందులోనే దిగి ఉంటాయి. ఒకరు పెంకులు దించి స్లాబు వేసుకుంటామనగానే రెండో ఇంట్లో గుబులు మొదలవుతుంది. అది న్యాయమైన గుబులే. ఇలాంటి పనికి ముందు వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో డబ్బు కట్టి పిలవగలిగిన వాళ్లు మూడు రకాలు: మీ సేవ దరఖాస్తుతో వచ్చే మండల సర్వేయరు, టోటల్ స్టేషన్ (దూరాలూ కోణాలూ కొలిచే యంత్రం) పట్టుకొచ్చే ప్రైవేటు సర్వేయరు, గోడ ఇప్పుడు ఎట్లుందో రాసిచ్చే స్ట్రక్చరల్ ఇంజనీరు. ముగ్గురి పనీ ఒకటే అనుకుని ఒక్కరితో సరిపెట్టడం దగ్గరే తేడా వస్తుంది. మొదటి ఇద్దరిని అందరూ అడుగుతారు. పక్కింటివాళ్లతో మాట నిలబెట్టేది మాత్రం మూడో మనిషి కాగితం.

మండల సర్వేయరు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. మీ సేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే హద్దు కొలిచి చూపమనే అర్జీ, పెడితే చుట్టుపక్కల వాళ్లకు నోటీసులిచ్చి, ఒక తేదీన వచ్చి కొలిచి, పంచనామా రాసి సంతకాలు తీసుకుంటారు. మీ ప్లాటు పక్క సర్వే నంబరులోకి పోయిందా, సర్కారు జాగ గానీ నాలా గానీ తగులుతోందా అనే ప్రశ్నలకు ఆ కొలతకే విలువ. పొలాలు ప్లాట్లైన కాలనీల్లో ఇది తప్పకుండా చేయించాలి. ఉమ్మడి గోడకు మాత్రం అక్కరకు రాదు, అందులో ఆ సర్వేయరు తప్పేమీ లేదు. పాత టిప్పన్‌లో, అంటే సర్వే నంబరు కొలతల నక్షాలో, కొలతలు గొలుసుల్లో, ఆణాల్లో ఉంటాయి. గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆణాలు. అంటే ఒక ఆణా రెండడుగుల ముప్పావంగుళం. 33 అడుగుల చదరమే మనం 121 గజాల గుంట అంటున్నది. అంత ముతక కొలత మీద గీసిన నక్షాలోంచి రెండడుగుల గోడలో ఎవరి వాటా ఎంతో తీయడం ఎవరివల్లా కాదు. పైగా పాత వాడల్లో చాలా జాగలు గ్రామకంఠం. టిప్పన్‌లో ఈ ఆబాదీ (ఊరి ఇళ్ల జాగ) అంతా ఒకే ముక్కగా ఉంటుంది, లోపల ఇంటింటికీ గీత ఉండదు.

ప్రైవేటు సర్వేయర్ల పని మనిషిని బట్టి ఉంటుంది. పరికరం మంచిదైతే కొలత మంచిదవుతుందన్న నమ్మకం ఎక్కువ, అది పూర్తి నిజం కాదు. ఉపగ్రహాల సిగ్నలుతో కొలిచే డీజీపీఎస్ ఖాళీ జాగలో బాగా పనిచేస్తుంది. ఇరుకు గల్లీలో, రెండు వైపులా అంతస్తులున్న చోట, సిగ్నలు గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి కొలత చెదురుతుంది. గోడ పనికి టోటల్ స్టేషన్ గానీ, ఇద్దరు మనుషులు బిగపట్టిన స్టీలు టేపు గానీ నయం. ఫోన్‌లో జీపీఎస్ చూపించి హద్దు చెప్పేవాళ్లను వెంటనే పంపేయండి, అది మీటర్ల లెక్కన తప్పుతుంది.

మంచి సర్వేయరు మొదట అడిగేది రెండిళ్ల డాక్యుమెంట్లు, వాటికి ముందున్న లింకు డాక్యుమెంట్లు. దస్తావేజులో "తూర్పు పడమర 27 అడుగులు" అని ఉంటే ఆ 27 గోడల లోపలి ముఖాల మధ్యా, బయటి ముఖాల మధ్యా, గోడ నడిమి నుంచా అన్నది రాసి ఉండదు. రెండడుగుల గోడ దగ్గర గొడవంతా అక్కడే. దానికి ఉన్న మంచి పద్ధతి ఒక్కటే. మీ ఇల్లొక్కటే కొలవకుండా ఆ వరుస మొత్తాన్ని, ఒక గల్లీ మూల నుంచి ఇంకో గల్లీ మూల దాకా కొలిచి, అన్ని దస్తావేజుల కొలతలనూ కూడి, ఎక్కువో తక్కువో వచ్చిన అంగుళాలు ఎక్కడ తేలుతున్నాయో చూడాలి. మీ ఒక్క ఇల్లు కొలిచి "పక్కవాళ్లు అరడుగు తిన్నారు" అని చెప్పే సర్వేయరు సగం పనే చేశాడు. ఆ మాట వీధిలోకి వెళ్లాక వెనక్కి తీసుకోవడం కష్టం.

చేతికి రావలసిన నక్షాలో ఏముండాలో ముందే మాట్లాడుకోవాలి. గోడ ముఖాన్ని రెండు కొసల్లోనూ మధ్యలోనూ, బేస్‌మెంటు మట్టంలో ఒకసారి, పైన ఒకసారి కొలిచి చూపాలి. పాత గోడ పైకి పోయేకొద్దీ ఎటో ఒకవైపు వాలి ఉంటుంది, కింద సరిగ్గా ఉన్న హద్దు పైన మూడంగుళాలు దాటి ఉండొచ్చు. కర్ణాలు రెండూ, అంటే మూల నుంచి ఎదురు మూలకు, కొలవాలి. కదలని రెండు గుర్తులకు, అంటే పాత బావి గట్టు, గుడి మూల లాంటివాటికి, దూరాలు రాయాలి. రేపు గోడ కూలినా హద్దు మళ్లీ దొరికేది వాటి వల్లే. స్కేలు 1:50 అయితే గోడ మందం కాగితం మీద కనిపిస్తుంది, 1:200 నక్షాలో గోడ ఒక గీతైపోతుంది. సంతకం, ముద్ర, తేదీ, రెండు ప్రతులు, సాఫ్ట్ కాపీ వేరుగా అడగాలి.

మందం సంగతే ఎక్కువమంది వదిలేస్తారు. ఉమ్మడి గోడ మందం ఒకవైపు నుంచి తెలియదు. పక్కింట్లోకి వెళ్లి కొలవాలి, లేదంటే వాళ్ల ఒప్పుదలతో 8 మి.మీ. డ్రిల్లుతో ఒక రంధ్రం వేసి తీగ దూర్చి చూడాలి. రెండు వైపులా ప్లాస్టరు మందం, ఒక్కోటి 12 నుంచి 20 మి.మీ. దాకా, అందులోంచి తీసేయాలి. గోడ నడిమి గీత ప్లాస్టరు మీద లెక్కవేస్తే పక్కకు జరుగుతుంది.

ఇక మూడోది, గోడ స్థితి నివేదిక. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఉంది. అక్కడ ఉమ్మడి గోడ మీద పనికి రెండు నెలల ముందు, 3 మీటర్ల లోపల పక్కింటి పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి. పక్కింటివాళ్లు ఒప్పుకోకపోతే ఇద్దరూ కలిసి ఒకే సర్వేయరును పెట్టుకోవచ్చు, పనికి ముందు గోడ ఎలా ఉందో నివేదిక రాయించడం అక్కడ వాడుక. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది పక్క జాగ మీద ఉండే వాడుక హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. దాని 15వ సెక్షన్ ప్రకారం పక్క జాగ నుంచో, దాని మీది కట్టడం నుంచో హక్కుగా, నెమ్మదిగా, అంతరాయం లేకుండా ఇరవై ఏళ్లు ఆసరా పొందిన ఇంటికి ఆ ఆసరా హక్కైపోతుంది. గాలీ వెలుతురూ అంతే. పాత వాడల్లో ఇళ్లకు ఇరవై ఏళ్లు ఎప్పుడో దాటాయి. కాబట్టి "మా సగం గోడ మేం చెక్కుకుంటాం" అనే మాట చట్టం ముందూ, ఇంజనీరింగు ముందూ నిలవదు. రెండడుగుల మట్టి గోడను నిలువునా చెక్కితే మిగిలిన అడుగు మందం తన బరువుకే ఉబ్బుతుంది, అవతలి దూలాలు దాని మీదే ఉంటాయి.

నివేదిక పనికొచ్చేదిగా ఉండాలంటే ఇంజనీరు పక్కింట్లో ప్రతి గదిలోకీ వెళ్లాలి. ఒక్కో పగులుకూ ఫోటో, పక్కన స్కేలు పెట్టి. స్కేలు లేని ఫోటోలో 0.3 మి.మీ. సన్నగీతా, 3 మి.మీ. పగులూ ఒకేలా కనిపిస్తాయి. పగులు కొన ఎక్కడ ఆగిందో పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయాలి. అది తర్వాత గీత దాటిందంటే పగులు పెరిగిందని చదువు రానివాళ్లకు కూడా తెలుస్తుంది. పెద్ద పగులుకు అడ్డంగా వేలెడు పొడవు పలచని గాజు పట్టీ పెట్టి, సున్నం గీకి ఇటుక కనిపించిన చోట రెండు కొసలనూ సిమెంటుతో అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. సున్నం పొర మీద అతికిస్తే పొర ఊడొస్తుంది గానీ గాజు పగలదు, ఎక్కువ నివేదికల్లో గాజు పట్టీ దండగయ్యేది ఇందుకే. గడపల మట్టం నీళ్ల పైపుతో, గోడ వాలు తూకం గుండుతో చూసి అంకెలు రాయాలి. చెమ్మ మరకలు, తలుపులు బిగుసుకున్న చోట్లు కూడా రాయాలి. ప్రతి పేజీ మీద రెండిళ్లవాళ్ల సంతకాలూ ఉండాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటోలు నాణ్యత తగ్గి వస్తాయి, తీసిన తేదీ వివరం కూడా పోతుంది. ప్రింటు తీయించి సంతకం పెట్టించుకోండి.

"గోడ పాతబడి శిథిలావస్థలో ఉంది" అని ఒక్క వాక్యం రాసి డబ్బు తీసుకునే నివేదికలు దొరుకుతున్నాయి. వాటితో లాభం లేదు సరికదా, పక్కింటివాళ్లకు అది తమ ఇంటి మీద నిందలా వినిపిస్తుంది.

కాలం కూడా చూసుకోవాలి. నల్లరేగడి నేల మే నెలలో ముడుచుకుంటుంది, ఆగస్టులో ఉబ్బుతుంది. ఎండాకాలంలో విచ్చుకుని వానల్లో మూసుకునే పగులు నేల వల్ల వచ్చింది, మీ తవ్వకం వల్ల కాదు. ఆ తేడా చెప్పడానికి పని మొదలు కాకముందే కనీసం రెండు రీడింగులు ఉండాలి. మొరం నేలలో ఈ బాధ తక్కువ.

ఇదే ఇంజనీరు దగ్గర పని పద్ధతి కూడా రాయించుకోవాలి, మేస్త్రికి ఇవ్వడానికి. మొదట మీ వైపు ఒక మీటరు చదరం గుంత తీసి పక్కింటి పునాది ఎంత లోతుందో చూడాలి. పాత ఇళ్లకు మట్టిలో పేర్చిన రాళ్లు రెండు మూడడుగులే ఉండొచ్చు. మీ ఫుటింగ్ (పిల్లరు కింది పునాది దిమ్మ) అంతకంటే లోతుకు పోతే గోడ వెంట ఒకేసారి కందకం తవ్వకూడదు. మీటరు పొడవు ముక్క తవ్వి, కాంక్రీటు పోసి, ఒక ముక్క వదిలి తర్వాతది తవ్వాలి. గోడ వారగా జేసీబీ పెట్టొద్దు. వాన సూచన ఉన్న రాత్రి గుంత తెరిచి ఉంచొద్దు. ఫుటింగ్ అవతలి జాగలోకి పోకూడదు కాబట్టి పిల్లరు దాని ఓ అంచున పడుతుంది, దాన్ని లోపలి పిల్లరుకు స్ట్రాప్ బీముతో, అంటే రెండు ఫుటింగులనూ కలిపే బీముతో, కట్టాలి. ఈ బీము లేకపోతే ఫుటింగ్ తిరగబడి పక్క పునాదిని నొక్కుతుంది. కొత్త స్లాబును పాత గోడ మీద ఆనించకూడదు. మీ పైకప్పు దించగానే గోడకు ఇటువైపు పట్టు పోతుంది, ముందే వాలు కర్రలు ఆన్చాలి. బయటపడ్డ మట్టి ముఖాన్ని టార్పాలిన్‌తో కప్పాలి. కొత్త గోడకూ పాతదానికీ మధ్య 25 మి.మీ. థర్మోకోల్ పెట్టి, సందు మీద జింకు రేకు మడిచి మూయాలి. ఆ రేకు మరిస్తే మొదటి వానకే నీళ్లు సందులోకి దిగి అవతలి గదిలో చెమ్మ తేలుతుంది. పక్కింటి చూరు నీళ్లు ఇన్నాళ్లూ మీ వైపు పడుతుంటే వాటిని మోరి దాకా తీసుకెళ్లే పైపు ఖర్చు కూడా మీ లెక్కలో వేసుకోండి.

పక్కింటివాళ్ల దగ్గరికి ఈ కబురు మేస్త్రి చేత పంపొద్దు. ఇంటి పెద్దలు వెళ్లి, "అన్నా, ఫలానా రోజు ఇంజనీరు వస్తున్నాడు, మీరూ దగ్గరుండండి, కాగితం మీకూ ఒకటి ఇస్తాం" అని చెప్పాలి. ఖర్చు ఇల్లు కట్టుకునేవాళ్లదే. ఇంజనీరు పేరు వాళ్లనే చెప్పమనడం ఇంకా మంచిది, నివేదిక మీద అనుమానం సగం అక్కడే తగ్గుతుంది. పని వేళలు, పగుళ్లు వస్తే ఎవరు ఎన్నాళ్లలో బాగుచేయాలి, దుమ్ముకు పరదా, కూలిన పెంకుల లెక్క, ఇవన్నీ ఒప్పంద పత్రంలో రాసి ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు పెట్టించండి. ఒక్క జాగ్రత్త: నోటరీ కాగితంతో ఆరంగుళాల జాగ కూడా చేతులు మారదు. హద్దు మార్చుకుంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావలసిందే.

అనుమతి దగ్గర ఒక మాట. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగలో 7 మీటర్ల ఎత్తు దాకా రూపాయితో నమోదు చాలు, 600 గజాల దాకా 10 మీటర్ల ఎత్తుకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. సులువే, కానీ హద్దు బాధ్యత పూర్తిగా మీ సంతకం మీద పడుతుంది. తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చొచ్చు. జాగ ఎవరిదన్నది కార్పొరేషన్ తేల్చదు, సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, అంటే దాదాపు 120 నుంచి 240 గజాల్లో, పక్కల మీటరు వదలాలి. ఆ కొలతలో ఉన్నవాళ్లకు గోడకు ఆనించి పెంచే అవకాశమే లేదు. వాళ్లకు కావలసింది ఆ మీటరు ఎక్కడి నుంచి లెక్కో చూపే నక్షా.

మాట పూర్తిగా చెడితే కోర్టు తన తరఫున చూసి రాసే వకీలును, అంటే అడ్వకేట్ కమిషనరును, పంపి కొలిపిస్తుంది. అప్పుడు కూడా ఆయన ముందు పెట్టేది ఈ నక్షా, ఈ ఫోటోలే.

డబ్బు విషయంలో ప్రైవేటు సర్వేయర్లు ఎక్కువగా రోజు లెక్కన అడుగుతారు, గజాల లెక్కన కాదు. చిన్న ఇల్లని తగ్గదు. ఇంజనీరుతో మాత్రం నాలుగు రాకలకు కలిపి మాట్లాడుకోండి: పనికి ముందు, ఫుటింగ్ అయ్యాక, స్లాబు అయ్యాక, ఒక వానాకాలం గడిచాక. ఆఖరి రాకలో గాజు పట్టీలు చూసి, పక్కింటివాళ్ల సంతకంతో ముగింపు పేజీ ఇచ్చేదాకా ఫీజులో కొంత మీ దగ్గరే ఉంచుకోండి.