అరబ్బీ బోధనలో రెల్లు కలం: నాలుగేళ్ల వాడకం తర్వాత

అరబ్బీ చదవడం, రాయడం నేర్పేందుకు కాలిగ్రఫీని ఆసరాగా తీసుకుని నాలుగేళ్లయింది. అక్షరాలను గుర్తుపట్టే కంటికి ఈ పద్ధతి ఇచ్చినంత పదును నేను వాడిన ఏ అభ్యాస పుస్తకమూ ఇవ్వలేదు. అయితే చదువు మొత్తాన్నీ దీని మీదే వదిలేస్తే విద్యార్థి సగం దారిలో ఆగిపోతాడు.

అరబ్బీ అక్షరాలు 28. వాటిలో అలిఫ్, దాల్, ధాల్, రా, జాయ్, వావ్ అనే ఆరు తమ తర్వాతి అక్షరంతో కలవవు. ఇల్లు అనే అర్థమున్న ‘దార్’లో మూడక్షరాలూ విడివిడిగా ఉంటాయి కనుక కొత్తవారు దాన్ని ఒకే పదంగా పోల్చుకోలేరు. ఈ నియమం ఎన్నిసార్లు చెప్పినా వారికి గుర్తుండలేదు. దాల్ చివర కలం ఎత్తక తప్పదని చేతికి తెలిశాక మరి మరచిపోలేదు.

ఒక విద్యార్థిని ‘బగ్దాద్’ను వారాల తరబడి ‘బఫ్దాద్’ అనే చదివింది. పదం మధ్యలో ఘైన్, ఫా రెండూ పైన చుక్క ఉన్న చిన్న ముడుల్లాగే కనిపిస్తాయి. వాలుగా కోసిన మొనతో ఘైన్ తలను చదునుగా, ఫా తలను గుండ్రంగా మూడు పుటలు రాయించాను. ఆ తర్వాత అచ్చు పుస్తకంలోనూ ఆమె తడబడలేదు.

దిద్దుబాటు కూడా సులువవుతుంది. 940లో మరణించిన బగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా పేరుతో ముడిపడిన పద్ధతిలో కలం మొనతో పెట్టిన చుక్కే కొలబద్ద. అందుచేత ‘బాగాలేదు’ అనకుండా ‘అలిఫ్ ఒక చుక్క పొట్టిగా ఉంది’ అని చెప్పగలుగుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. మొదటి జట్టుతో రెండు నెలలు విడి అక్షరాలే రాయించడం నా పొరపాటు; వారి చేతిరాత ముచ్చటగా కుదిరింది గాని ఒక్క వాక్యమూ చదవలేకపోయారు. గుణింతాలకు అలవాటుపడిన మనకు అసలు కష్టం మామూలు అచ్చు పుస్తకాల్లో అ, ఇ, ఉ ధ్వనులను చూపే ఫత్‌హా, కస్రా, దమ్మా గుర్తులు లేకపోవడం. దానికి పదసంపద, వ్యాకరణమే దిక్కు, కలం చేయగలిగింది లేదు. అక్షరాలను ఒకదానిపై ఒకటి పేర్చే సులుస్ శైలి ఎంత అందంగా ఉన్నా మొదట్లో చూపించకూడదు. పుస్తకాలు అచ్చయ్యే నస్ఖ్‌తోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు రెండో వారం నుంచే అక్షరాలు కలిపి రాయిస్తున్నాను. రాసిన పదాన్ని పైకి చదవనిదే తర్వాతి పదానికి కలం సిరాలో ముంచనివ్వడం లేదు.