రేషన్ నెట్టు: పర్లాకిమిడి షాపులో ఎనిమిదేళ్లు వాడాక

ఒడిశా పర్లాకిమిడిలో మాది ఆరు కంప్యూటర్ల షాపు. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఒక మూల బ్యాంకు మిత్ర కౌంటరు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అటు రెండెకరాలు, ఇటు అరెకరం ఉన్నవాళ్లు ఇక్కడ మామూలే. ఒకే మనిషి ఒకే పూట ఒడిశా భూమి రికార్డుకు భూలేఖ్ కాగితమూ అడుగుతాడు, ఆంధ్ర భూమికి మీభూమి కాగితమూ అడుగుతాడు.

నేను ఇక్కడ రాస్తున్నది వైట్‌లిస్టు గురించి. రౌటరులో సైట్ల పేర్లు రాసిపెడతాం. రాసినవి తెరుచుకుంటాయి, మిగతా లోకం మూతే. మా మేనల్లుడు దీనికి 'రేషన్ నెట్టు' అని పేరు పెట్టాడు. దేశం మొత్తానికీ ఇలా తాళం వేస్తే హ్యాకర్ల బెడద పోతుందని వాదించేవాళ్లను చూస్తుంటాను. దేశం సంగతి తరువాత, ఆరు కంప్యూటర్లకు వేసి చూసినవాడిగా నా అనుభవం ముందు చెబుతాను.

2017 మే 12న వనాక్రై వచ్చింది, ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే వైరస్. ఆంధ్రలో పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని టీవీలో చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ వర్షాకాలంలోనే వైట్‌లిస్టు పెట్టాను. మొదట నలభై పేర్లు. రెండు రాష్ట్రాల సైట్లు కావాలి కాబట్టి మిగతా ఊళ్లలో షాపులవాళ్లకు ఒక జాబితా అయితే నాకు రెండు.

మొదటి మూడు నెలలు బ్రహ్మాండం. కుర్రాళ్లు పాటలు దించుకోవడం ఆగిపోయింది. తెరమీద వచ్చిపడే పిచ్చి ప్రకటనలు మాయం. నెట్టు వేగం కూడా పెరిగినట్టే అనిపించింది. నాలుగో నెలలో కాశీనగర్ నుంచి ఒకాయన కొడుకు పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చాడు. పరీక్ష సైటు జాబితాలో ఉంది, డబ్బు కట్టించుకునే సైటూ ఉంది. కానీ కట్టాక మధ్యలో ఇంకో పేజీకి తీసుకెళ్తుంది, దాని పేరు నా జాబితాలో లేదు. ఖాతాలో డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు. "ఏటి బాబూ, డబ్బులు పోయినట్టేనా?" అని ఆయన అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. నా జేబులోంచి మళ్లీ కట్టాను. మొదటి సొమ్ము తొమ్మిది రోజులకు వాపసు వచ్చింది.

ఇప్పటి సైటు ఏదీ ఒక్కచోట ఉండదు. బొమ్మలు ఒక సర్వరు నుంచి, అక్షరాలు మరో దాన్నుంచి, ఓటీపీ ఇంకో దాన్నుంచి వస్తాయి. 2020 జనవరిలో జమ్మూకాశ్మీరులో ప్రభుత్వం 153 సైట్లతో వైట్‌లిస్టు ఇచ్చి, కొద్దిరోజుల్లో దాన్ని 301కి పెంచినప్పుడు, చాలా సైట్లు అరకొరగానే తెరుచుకున్నాయని చదివాను. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. నా నలభై పేర్లు కూడా అప్పటికే నూటపాతిక దాటాయి.

ఇది చిన్న చిరాకు. పెద్దది నాకు ఏడు నెలలకు గాని తెలియలేదు. విండోస్ అప్‌డేట్లు ఇచ్చే సర్వర్ల పేర్లు నేను జాబితాలో సరిగ్గా రాయలేదు. ఏడు నెలలుగా ఒక్క అప్‌డేటూ దిగలేదు. యాంటీవైరస్ పక్కన పచ్చటి టిక్కు మాత్రం అలాగే ఉంది, నేను దాన్ని చూసి నిశ్చింతగా ఉన్నాను. వనాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, మందు ఇచ్చింది. వేసుకోనివాళ్లే పడ్డారు. దానికి భయపడి తాళం వేసిన నేను, ఆ తాళంతోనే మందులు లోపలికి రాకుండా చేసుకున్నాను.

ఇంకో ముచ్చట తరువాత తెలిసింది. వనాక్రై కంప్యూటరులోకి దిగగానే ఒక వింత వెబ్ అడ్రసును పలకరించేది. అక్కడి నుంచి జవాబు వస్తే ఆగిపోయేది, రాకపోతే పని మొదలుపెట్టేది. బ్రిటన్‌లో ఒక పరిశోధకుడు ఆ అడ్రసును తన పేరున నమోదు చేయించడంతో చాలాచోట్ల దాడి ఆగింది. బయటి అడ్రసులన్నీ మూసిన నెట్టులో ఆ జవాబు రాదు. నా వైట్‌లిస్టు అప్పుడే ఉండి, వైరస్ ఎలాగో లోపలికి వచ్చి ఉంటే, ఆపే ఆ ఒక్క దారినీ నేనే మూసి ఉండేవాణ్ని. పైగా అది ఒక కంప్యూటరు నుంచి పక్కదానికి లోలోపలే పాకేది. రౌటరు వీధి గుమ్మం దగ్గర కాపలా, గదికీ గదికీ మధ్య ఏం జరుగుతుందో దానికి పట్టదు.

అసలు దెబ్బ 2019లో తగిలింది. కొత్త ప్రింటరు కొన్నాం. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరు, దిగదు, కంపెనీ సైటు జాబితాలో లేదు. నేను బరంపురం వెళ్లి ఉన్నాను. మేనల్లుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, గూగుల్‌లో మొదట కనబడిన ఏదో సైటు నుంచి డ్రైవరు దించాడు. మర్నాటికి మూడో కంప్యూటరులో ఫైళ్లన్నిటికీ వింత తోకలు, డాలర్లు అడుగుతూ ఒక నోటు. షేర్ పెట్టిన ఫోల్డరు ద్వారా రెండేళ్ల పాస్‌పోర్టు ఫొటోలు, స్కాన్లు అన్నీ పోయాయి. బ్యాకప్ లేదు.

"ప్రింటరు కోసమే మావయ్యా. మన నెట్టులో రాలేదు కదా" అన్నాడు. వాణ్ని తిట్టాను గానీ తప్పు సగం నాదే. రాచబాట నేను మూశాను, వాడు డొంకదారి వెతుక్కున్నాడు.

ఇదే కథ పెద్ద ఎత్తున చైనాలో జరిగింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేరు కావాలి. ఆపిల్ సర్వరు నుంచి అక్కడ అది చాలా నెమ్మదిగా దిగేది. దాంతో కొందరు స్థానిక ఫైలు షేరింగ్ సైట్లలో దొరికిన కాపీ వాడారు, అందులో ఎవరో మాల్‌వేరు, అంటే హాని చేసే ప్రోగ్రాము, కలిపారు. 2015 సెప్టెంబరులో బయటపడేసరికి వీచాట్ లాంటి పెద్ద చాట్ యాప్‌లో కూడా అది చేరింది.

మన దగ్గర 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లను నిషేధించారు. నిషేధం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ, దేశభద్రత లెక్కలు నాకంటే తెలిసినవాళ్లకు వదిలేస్తాను. మా కౌంటరు దగ్గర చూసింది మాత్రం చెబుతాను. మరుసటి నెలలో వాట్సాప్‌లో 'టిక్‌టాక్ ప్రో' అనే ఏపీకే ఫైలు, అంటే ప్లేస్టోరు లేకుండా నేరుగా ఫోన్లో ఎక్కించుకునే యాప్, తిరిగింది. అది టిక్‌టాకూ కాదు, ప్రో కూడా కాదు, ఉత్త మాల్‌వేరు. మహారాష్ట్ర సైబర్ పోలీసులు హెచ్చరిక కూడా ఇచ్చారు. అప్పటిదాకా ప్లేస్టోరు దాటి ఎరగని కుర్రాళ్లు, 'తెలియని యాప్‌లను అనుమతించు' అనే సెట్టింగు ఎక్కడుందో వారంలో నేర్చేసుకున్నారు. దాన్ని తిరిగి ఆపించడానికి నాకు నెలలు పట్టింది.

ఇంత చెప్పాక, వైట్‌లిస్టు తీసి పారేశానా అంటే లేదు. బ్యాంకు మిత్ర కంప్యూటరు మీద అది ఇప్పటికీ ఉంది, నిక్షేపంలా పనిచేస్తోంది. ఆ యంత్రానికి ఒకటే పని: వేలిముద్ర, ఖాతా, రసీదు. పదకొండు పేర్లు చాలు, అందులో మూడు అప్‌డేట్ల కోసమే. దానికి పెన్‌డ్రైవు పెట్టనివ్వం, ప్రింటరు దానికి వేరే. ఇన్నేళ్లలో దానికి జలుబు కూడా చెయ్యలేదు.

పెద్దవాళ్ల దగ్గరా తేడా ఇక్కడే కనిపిస్తుంది. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేరు దొరికింది ఆఫీసు పనులు చేసే నెట్టులోని కంప్యూటరులో. రియాక్టరు నడిపే వ్యవస్థ వేరుగా ఉండబట్టి అక్కడికి చేరలేదు. సింగపూరు 2017 నాటికి ప్రభుత్వోద్యోగుల కంప్యూటర్లను ఇంటర్నెట్ నుంచి విడదీసింది గానీ, ఆసుపత్రులకు ఆ పని చెయ్యలేదు. 2018లో అక్కడి ఆసుపత్రుల సంస్థ సింగ్‌హెల్త్ నుంచి 15 లక్షలమంది వివరాలు పోయాక, అప్పుడు విడదీశారు. వాళ్లూ జనం ఇంట్లో నెట్టుకు తాళం వెయ్యలేదు, పని యంత్రాలకు వేశారు.

దేశం మొత్తాన్నీ మూసినవాళ్ల సంగతి చూడండి. ఇరాన్ ఏళ్లుగా తన సొంత జాతీయ నెట్టు కట్టుకుంటోంది. అయినా 2021 అక్టోబరులో సైబర్ దాడితో పెట్రోలు బంకులు ఆగిపోయాయి, 2023 డిసెంబరులో మళ్లీ. ఉత్తర కొరియాకు బయటి ప్రపంచంతో ఉన్న లంకెలు చాలా తక్కువ. అంత తక్కువ కాబట్టే 2022 జనవరిలో ఆ దేశపు సైట్లు పదేపదే పడిపోయాయి. ఒక్కణ్నే చేశానని ఒక అమెరికన్ హ్యాకరు చెప్పుకున్నాడు.

మా సరిహద్దువాళ్లకు ఇంకో ధర్మసందేహం. మా షాపు మేడమీద నిలబడితే ఫోనుకు ఒకోసారి ఆంధ్ర టవరు తగులుతుంది, దిగితే ఒడిశా. ఒక ప్రాంతానికి తాళం వేస్తే గీత ఎక్కడ గియ్యాలో చెప్పండి ముందు.

మార్కులు: బ్యాంకు కంప్యూటరుకు ఐదుకు ఐదు. మిగతా ఐదింటికీ కలిపి ఒకటిన్నర, అదీ కుర్రాళ్ల పాటలు ఆగినందుకు. వాటికి ఇప్పుడు తాళం లేదు. అప్‌డేట్లు వాటంతట అవే దిగుతాయి, అడ్మిన్ పాస్‌వర్డు నా దగ్గరే, ప్రకటనల బ్లాకరు ఉంది, ప్రతి శనివారం రాత్రి బయటి డిస్కులోకి కాపీ తీసి దాన్ని పీకి బీరువాలో పెడతాను. డిస్కు ఖర్చు నాలుగు వేలు. రెండేళ్ల ఫొటోలు పోయాక అది ఖర్చులా అనిపించలేదు.

మొన్న బ్యాంకువాళ్లు ఓటీపీ పేజీ అడ్రసు చెప్పాపెట్టకుండా మార్చారు. పొద్దున్న పదింటికి పింఛను కోసం క్యూ, కౌంటరు మూత. రౌటరు తెరిచి పన్నెండో పేరు రాశాను.