ప్రైవేటు సైన్యం సర్వీస్ రివ్యూ: వాగ్నర్, 2 స్టార్లు

వాడింది నేను కాదు లెండి, పుతిన్. కానీ మీలో ఎవరైనా నియంత ఉండి, సొంత సైన్యం పక్కన ఇంకో ప్రైవేటు సైన్యం పెట్టుకుందాం అనుకుంటే ఇది చదివి డిసైడ్ అవ్వండి.

పనికి వంక పెట్టలేం, జైళ్ళలోంచి ఖైదీల్ని తెచ్చి మరీ 2023 మేలో ఉక్రెయిన్‌లోని బాఖ్‌ముత్ నగరం పట్టేశాం అన్నారు. రేటు మాత్రం గూబ గుయ్యిమంటుంది, ఒక్క ఏడాదిలో జీతాలు, ప్రోత్సాహకాల కిందే 8,600 కోట్ల రూబుళ్ళు ఇచ్చామని పుతినే చెప్పాడు.

అసలు సమస్య ఓనర్‌తో. క్రెమ్లిన్ విందులకి కేటరింగ్ చేసుకునే ప్రిగోజిన్, ఏకు మేకైపోయాడు. జులై 1 లోపు అందరూ మాతో కాంట్రాక్టు సంతకం పెట్టాలని రక్షణ శాఖ అనేసరికి, జూన్ 24న దక్షిణ రష్యా నగరం రొస్తోవ్‌లో మిలిటరీ హెడ్‌క్వార్టర్స్ పట్టేసి, మనుషుల్ని మాస్కో రోడ్డెక్కించాడు. రొస్తోవ్‌లో ఒక ట్యాంకు సర్కస్ గేటులో ఇరుక్కుపోయింది, జనమేమో వాగ్నర్ వాళ్ళతో సెల్ఫీలు! నన్నడిగితే పుతిన్‌కి తుపాకుల కంటే ఆ సెల్ఫీలే ఎక్కువ గుచ్చుకుని ఉంటాయి. పొద్దున టీవీలో వెన్నుపోటు, ద్రోహం అని ఊగిపోయినాయన రాత్రికి బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో కుదిర్చిన రాజీతో కేసు వద్దన్నాడు, కొన్ని రోజులకి క్రెమ్లిన్‌కి పిలిచి మాట్లాడాడు కూడా.

క్యాన్సిలేషన్ పాలసీ అయితే భయంకరం. ఆగస్టు 23న ప్రిగోజిన్ విమానం రష్యాలోని త్వేర్ ప్రాంతంలో కూలి అందులో ఉన్న 10 మందీ పోయారు, మాకేం సంబంధం లేదంది క్రెమ్లిన్. ఇలాంటి దళాలన్నీ రష్యాకి విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యాలని డిక్రీ వచ్చింది ఆ తర్వాత రెండ్రోజులకి.